పూల దారి ఏ ఫైలులో ఉంది? ఢిల్లీ లెఫ్టినెంట్ గవర్నర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన లెఫ్టినెంట్ గవర్నర్ గారికి,

ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ (డీడీఏ)కి అధ్యక్షులు కూడా మీరే కాబట్టి ఈ లేఖ మీ పేరిట రాస్తున్నాను. తెలుగులో రాసిన ఉత్తరం మీ బల్ల దాకా వస్తుందో రాదో గాని, ఇందులోని గోడు ఢిల్లీలోని మెహ్రౌలీ ఒక్కదానిదే కాదు. చెరువు పేరు మీదో, గుట్ట పేరు మీదో, దేవర పేరు మీదో సర్కారుతో తగవు పడుతున్న ఊళ్లు మా వైపూ ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి వచ్చిన బుల్డోజర్లను సుప్రీంకోర్టు ఆపించినప్పుడు తెలుగు ఇళ్లలో ఒకటే చర్చ: అడవి అంటే ఏది, అది ఎవరిది, కాగితం మీద దాని పేరేమిటి? అదే చర్చ మీ నగరానికి దక్షిణాన ఉన్న కొండ మీద ముప్పై ఏళ్లుగా తెగకుండా నడుస్తోంది.

ముందు మూడు సంగతులు పక్కపక్కన పెడతాను. 2024 జనవరి 30 తెల్లవారుజామున మెహ్రౌలీ పక్కనున్న సంజయ్ వన్‌లో అఖూంజీ మసీదును, దాన్ని ఆనుకున్న మదరసాను, చుట్టూ ఉన్న సమాధులను డీడీఏ యంత్రాలు నేలమట్టం చేశాయి. రిడ్జ్ అనే ఆ కొండ అడవిలో ఆక్రమణ అన్నది చెప్పిన కారణం. మరుసటి నెలలోనే, అదే కొండ వరుసలో మరికాస్త దక్షిణంగా సత్‌బరీ దగ్గర, పారామిలటరీ బలగాల ఆసుపత్రికి వెళ్లే రోడ్డును వెడల్పు చేయడానికి దాదాపు 1,100 చెట్లు కూలాయి. తన అనుమతి లేకుండా నరికించినందుకు 2025 మేలో సుప్రీంకోర్టు డీడీఏ అధికారులది ధిక్కారమేనని తేల్చి జరిమానా వేసింది. ఆ ఏడాది నవంబరులో మెహ్రౌలీ వాళ్లు తమ పూల ఊరేగింపు ఉత్సవం ‘ఫూల్ వాలోఁ కీ సైర్’ జరుపుకుందామని తేదీలు పెట్టుకుంటే, డీడీఏ అనుమతుల చిక్కులో పడి అనుకున్న రోజులకు అది జరగలేదు. అటవీ శాఖ ఎన్‌ఓసీ లేదన్నది పత్రికల్లో వచ్చిన కారణం. మూడుచోట్లా సంస్థ ఒకటే, కొండా ఒకటే. పాత మసీదు విషయంలో అది అడవి. పూల ఊరేగింపు విషయంలోనూ అడవే. రోడ్డు విషయంలో మాత్రం ఆ అడవి ఎవరి కంటా పడలేదు.

ఈ మూడింటినీ ఏకరువు పెట్టి నిష్ఠూరమాడటం నా ఉద్దేశం కాదు, అది కోర్టులు చేశాయి. నేను చెప్పదలచుకున్నది ఇంకొకటి. ఆ కొండ మీద చెట్టూ, నీరూ, కట్టడమూ ఇంతకాలం మిగిలాయంటే అక్కడి జనం వాడుక వల్లే మిగిలాయి. ఆ వాడుకను హక్కుగా ఎక్కడా రాసిపెట్టకపోవడం వల్లే ఇవాళ ఏది ఆక్రమణో ఏది ఆచారమో తేల్చుకోలేని స్థితి వచ్చింది. రాసిపెట్టే అవకాశం చట్టంలోనే ఉంది, దానికి సమయమూ ఇదే.

మెహ్రౌలీ అంటే చాలామందికి కుతుబ్ మినార్ ఒక్కటే. టికెట్టు కొని చూసి వెనక్కి వచ్చేవారికి ఆ వెనకున్న కొండ కనపడదు. ఆరావళి తోక ఢిల్లీలోకి చొచ్చుకొచ్చిన చోటు అది. రిడ్జ్ అని పిలిచే ఆ గుట్టల వరుస మొత్తం సుమారు 7,777 హెక్టార్లు, అందులో మెహ్రౌలీ వైపు ముక్క 626 హెక్టార్లు. పదకొండో శతాబ్దంలో తోమర్లు కట్టిన లాల్‌కోట గోడ, ఆ తర్వాతి సుల్తానుల మెట్ల బావులు, లోదీల కాలపు గుమ్మటాలు, వీటిలో చాలావరకు ఆ గుట్టను కొట్టి తీసిన గట్టి రాతివే. అందుకే అక్కడ కొండ ఎక్కడ ఆగి కట్టడం ఎక్కడ మొదలైందో గీత గీయడం కష్టం. నీటి సంగతీ అంతే. 1230 ప్రాంతంలో ఇల్తుత్మిష్ తవ్వించిన హౌజ్-ఎ-షమ్సీ చెరువులోకి వాన నీరు చేరేది, చెరువు నిండి పొర్లితే ఆ నీరు కింద ఝర్నా అనే చోట జలపాతంలా దూకేది. వానాకాలం చివర పాత ఢిల్లీ జనం బళ్లు కట్టుకుని వచ్చి, ఆ ఝర్నాలో తడిసి, మామిడి తోపుల్లో ఉయ్యాలలూగి వెళ్లేవారు. సైర్ పుట్టింది ఆ రుతువులోనే, ఆ నీటి ఒడ్డునే. ఇవాళ ఝర్నా ఎండిపోయింది, ఉత్సవం వానలు వెళ్లాక ఎప్పుడో జరుగుతోంది, మామిడి తోపుల్లో మిగిలిన జ్ఞాపకం ‘ఆమ్ బాగ్’ అనే పేరు. ఆ తోటలో పండుగ చేసుకోవడానికే అనుమతి కావాల్సి వచ్చింది.

ఈ ఉత్సవం కథ మీకు తెలియనిది కాదు, కాని తెలుగు పాఠకుల కోసం రెండు మాటలు. మొఘల్ చక్రవర్తి రెండో అక్బర్ కొడుకు మీర్జా జహంగీర్ ఎర్రకోటలో బ్రిటిష్ రెసిడెంటు సీటన్ మీద తుపాకీ పేల్చాడు. తెల్లవాళ్లు అతణ్ణి అలహాబాదుకు పంపేశారు. కొడుకు తిరిగొస్తే మెహ్రౌలీలో ఖ్వాజా కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ దర్గాకు పూల చాదర్ సమర్పిస్తానని తల్లి ముంతాజ్ మహల్ బేగం మొక్కుకుంది. అతడు తిరిగొచ్చాడు. 1810ల తొలి ఏళ్లలో ఆ మొక్కు తీర్చినప్పుడు దర్గాకు చాదర్ వెళ్లింది, కూతవేటు దూరంలో ఉన్న యోగమాయ అమ్మవారి గుడికి పూల విసనకర్ర (పంఖా) వెళ్లింది. ఒక తల్లి మొక్కు ఊరి జాతర అయింది. మా వైపు బోనాలకూ ముత్యాలమ్మ కొలువులకూ ఉన్న పుట్టుక కథలు గుర్తున్నవారికి ఇందులో వింత ఏమీ తోచదు. తర్వాత బహదూర్ షా జఫర్ ప్రతి ఏటా దర్బారును మెహ్రౌలీకి తరలించేవాడు. దర్గా పక్కనే ఉన్న జఫర్ మహల్‌లో తన సమాధికి చోటు కూడా చూసి ఉంచుకున్నాడు. ఆయన 1862లో రంగూన్‌లో పోయాడు, ఆ చోటు ఇప్పటికీ ఖాళీ.

ఆ తర్వాత ఏం జరిగిందన్నదే నా వాదనకు ముఖ్యం. క్విట్ ఇండియా ఉద్యమం రేగిన 1942లో బ్రిటిష్ ప్రభుత్వం సైర్‌ను ఆపేసింది. 1948 జనవరిలో, విభజన నెత్తుటి మరకలు ఆరని ఢిల్లీలో గాంధీ చివరి నిరాహార దీక్ష విరమించడానికి పెట్టిన షరతుల్లో ఒకటి, మెహ్రౌలీ దర్గాలో ఉర్సు ఎప్పటిలా జరగాలన్నది. ఆస్తుల పంచాయితీలూ శాంతి కమిటీలూ చాలవా, కొండ మీది జాతర ఎందుకు అని అప్పుడు ఎవరైనా అడిగి ఉండవచ్చు. ఆ జాతర జరిగితే ఊరు మళ్లీ ఊరైందని తెలుస్తుంది, అదీ ఆయన లెక్క. జనవరి 27న ఆయన స్వయంగా ఆ దర్గాకు వెళ్లారు. మూడు రోజుల తర్వాత ఆయన లేరు. 1960ల మొదట్లో నెహ్రూ చొరవతో సైర్ మళ్లీ మొదలైంది, అప్పటి నుంచి అంజుమన్ సైర్-ఎ-గుల్ ఫరోషాన్ అనే స్థానిక సంఘం దాన్ని నడుపుతోంది. రాష్ట్రాలు కూడా తమ పూల పంఖాలు పంపే ఆనవాయితీ అందులోకి వచ్చింది. అంత చరిత్ర ఉన్న ఉత్సవం ఏటా ఒక పార్కు బుకింగ్ దరఖాస్తులా మీ కార్యాలయం గుమ్మంలో నిలబడాల్సి రావడం చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, అది చిన్నది కాదు.

అడవిని కాపాడాలంటే జనాన్ని దూరం పెట్టక తప్పదని మీ అటవీ అధికారులు అనవచ్చు. దీనికి జవాబు మెహ్రౌలీకి కొద్దిపాటి దూరంలోనే, గురుగ్రామ్‌కూ ఫరీదాబాద్‌కూ మధ్య మంగర్ బనీలో స్పష్టంగా ఉంది. ఢిల్లీ చుట్టుపక్కల ఆరావళిలో అసలు అడవి ఎలా ఉండేదో తెలియాలంటే చూడాల్సిన చోటు అది. లోయ నిండా ధౌ చెట్లు. ఆ చెట్లను కంచె కాపాడలేదు, గార్డు కాపాడలేదు. గుదరియా బాబా అనే సాధువు వనమది, కొమ్మ విరిచినవాడికి కీడు తప్పదు అన్న నమ్మకం మంగర్, బంధ్‌వాడీ, బలియావాస్ గ్రామాల వాళ్లది. మేకల్ని కూడా అక్కడ మేపరు. 2016లో హర్యానా ప్రభుత్వం ఆ 677 ఎకరాల్లో కట్టడాలు కూడవని ప్రకటించిందంటే, అప్పటికే ఊళ్లు తరతరాలుగా పెట్టుకున్న కట్టుబాటుకు సర్కారు ముద్ర పడిందన్నమాట. సంరక్షణ సర్కారుదే అయిన ఢిల్లీ రిడ్జ్‌లో మాత్రం ఇవాళ ఎక్కడ చూసినా విలాయతీ కీకర్. దాన్ని మనం సర్కారు తుమ్మ అంటాం. తెల్లదొరల కాలంలో సర్కారే తెచ్చి నాటిన చెట్టు అని మన వాళ్లు పెట్టిన పేరు ఒక్కోసారి నివేదిక కంటే కచ్చితంగా ఉంటుంది. పచ్చగా కనిపిస్తుంది, అడుగున గడ్డిని కూడా మొలవనివ్వదు, ఇప్పుడు దాన్ని తొలగించడానికి మీరే పథకాలు వేయిస్తున్నారు. జనం లేకుంటే అడవి తనంతట తాను బాగుంటుందన్న మాటకు ఈ రెండు చోట్లూ సాక్ష్యం చెప్పవు.

అయినా మీరు నన్ను ఆపి, మంగర్ వాళ్లది భక్తితో వచ్చిన సంయమనం, మెహ్రౌలీలో ఉన్నది మార్కెట్టు, కిరాయి గదులు, రాత్రికి రాత్రి లేచే గోడలు కదా అని అడగవచ్చు. అడగాల్సిందే. హౌజ్-ఎ-షమ్సీ కుంచించుకుపోవడం, అందులోకి మురుగు పారడం ఏ అటవీ శాఖ పాపమూ కాదు, చుట్టూ ఇళ్లు కట్టుకున్న మనుషుల పాపం. గుమ్మటాల కింద పశువుల్ని కట్టి, సమాధి గోడను ఇంటి గోడ చేసుకున్నవారూ ఉన్నారు. దానికి ఒక కారణం వారి దురాశ అయితే ఇంకో కారణం చట్టం: రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం పూర్తిగా నిషేధం, ఆ పైన 200 మీటర్లు నియంత్రణ. అడుగుకో కట్టడం ఉన్న ఊళ్లో ఈ గీతలు గీస్తే ఊరంతా నిషిద్ధ ప్రాంతమే అవుతుంది. కప్పు కారుతుంటే బాగు చేయించుకోవడానికి కూడా కాగితాల చుట్టూ తిరగాల్సిన మనిషి చివరికి దొంగచాటుగా కడతాడు, ఆ దొంగతనం అలవాటయ్యాక పక్క కట్టడం మీద గౌరవమూ పోతుంది. పక్కనున్న కట్టడం వల్ల నష్టమే తప్ప లాభమేమీ కనపడనివాడు దాన్ని కాపాడతాడని ఆశించడం అన్యాయం.

అంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది, దాన్ని తప్పించుకుపోతే ఈ లేఖకు విలువ ఉండదు. ఆచారాన్ని ఒప్పుకుంటే రేపు ప్రతి రావిచెట్టు కిందా ఒక గుడి, ప్రతి మలుపులో ఒక మజార్ మొలుస్తాయి, అవన్నీ ప్రాచీనమే అంటారు. ఈ భయం నిజమైనదే. భక్తి పేరుతో భూమి మింగేవాళ్లు ఏ మతానికీ కొత్త కాదు. కాని ఇంత కచ్చితంగా తేదీలు దొరికే నగరం దేశంలో ఇంకొకటి లేదు. ఆర్కియలాజికల్ సర్వే తరఫున మౌల్వీ జఫర్ హసన్ ఢిల్లీ కట్టడాలను ఊరూరా తిరిగి జాబితా చేశారు, అందులో మెహ్రౌలీ భాగం 1922లో అచ్చయింది. అఖూంజీ మసీదు ఆ జాబితాలో ఉంది. కట్టిన సంవత్సరం తెలియదు గాని 1853–54లో మరమ్మతు జరిగిందన్న వివరం కూడా అందులో ఉంది. 1999లో వారసత్వ కట్టడాల పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ రెండు సంపుటాల్లో 1,208 కట్టడాలను నమోదు చేసింది. కేంద్ర రక్షణ కింద ఉన్నవి వాటిలో 170కి కాస్త అటూ ఇటూ. మిగిలిన వెయ్యి పైచిలుకు కట్టడాలకు ముఖ్యమైన ఆధారం ఆ జాబితాలే. రాత్రికి రాత్రి లేచిన మజార్ ఈ పుస్తకాల్లో ఉండదు, దాన్ని తొలగించండి, ఎవరూ అడ్డురారు. పుస్తకంలో ఉన్నదాన్ని తొలగించేటప్పుడు మాత్రం పుస్తకం ఒకసారి తెరవాలి. అఖూంజీ మసీదును మత కట్టడాల తొలగింపును పరిశీలించే ఢిల్లీ మత కమిటీ సిఫారసు మేరకే కూల్చామని డీడీఏ హైకోర్టులో చెప్పింది. సిఫారసు చేసినవారి ముందు ఆ 1922 పేజీ ఉందా లేదా అన్న ప్రశ్నకు జవాబు ఇప్పటికీ మీరు చెప్పవలసే ఉంది. ఆచారాన్ని నమోదు చేస్తే ఆక్రమణలు తొలగించడం కష్టమవుతుందన్న వాదన తలకిందులైనది. నమోదు లేకపోవడం వల్లే రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి.

మరి నమోదు చేసే మార్గం ఏది? 1927 నాటి భారత అటవీ చట్టం. తెల్లదొరలు కలప కోసం చేసిన చట్టమే అయినా, ఒక పద్ధతి మాత్రం పెట్టారు: నాలుగో సెక్షన్ కింద ఒక భూమిని రిజర్వు అడవి చేయాలనుకుంటున్నామని ప్రకటించాలి, ఆ తర్వాత ఫారెస్ట్ సెటిల్‌మెంట్ అధికారి అక్కడి జనం హక్కుల్ని, అంటే దారి, నీరు, మేత వంటివన్నీ విచారించి ఒప్పుకోవడమో కొట్టివేయడమో చేయాలి, అది ముగిశాకే ఇరవయ్యో సెక్షన్ కింద తుది ప్రకటన. ఢిల్లీ రిడ్జ్‌కు మొదటి ప్రకటన 1994 మేలో వచ్చింది. విచారణ ముప్పై ఏళ్లు అలాగే మిగిలింది. ఆ కాలమంతా జనానికి దారి హక్కు ఉందనీ ఎవరూ అనలేదు, లేదనీ అనలేదు. అధికారి దయ ఉంటే ఉంది, లేకుంటే లేదు. 2025 డిసెంబరులో దక్షిణ రిడ్జ్‌లో దాదాపు 4,080 హెక్టార్లకు తుది ప్రకటన వెలువడింది. దానికి నెల ముందే రిడ్జ్ మేనేజ్‌మెంట్ బోర్డుకు చట్టబద్ధ హోదా కల్పించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. అంటే మూలన పడ్డ ఫైళ్లు కదిలాయి. మిగిలిన రిడ్జ్‌లో మెహ్రౌలీ ముక్క వంతు వచ్చినప్పుడు విచారణ అధికారి ముందుకు ఎవరు వెళతారు, వెళ్లినవారి మాట ఏ భాషలో ఏ రూపంలో రాసుకుంటారు అన్నది ఇప్పుడే తేలాలి. తుది ప్రకటన అయ్యాక రాయించుకోని హక్కు దాదాపు పోయినట్టే.

జనం ఎక్కువైతే చెత్త, మైకుల మోత, మంటలు అన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. మైకు ఎన్ని గంటల దాకానో, ప్లాస్టిక్ పూలు కూడవనో, ఎన్ని బళ్లు రావాలనో షరతులు పెట్టవచ్చు. ఉత్సవం నడిపేవాళ్లు ఒప్పుకుంటారు కూడా. మూడు నాలుగు రోజుల ఊరేగింపు వల్ల అడవికి జరిగే నష్టాన్ని, ఒక రోడ్డు వల్ల జరిగిన నష్టాన్ని ఒకే త్రాసులో పెట్టి చూడండి, చాలు.

వాడుక ఒక చోటును ఎలా నిలబెడుతుందో మా వైపు నుంచి ఒక ఉదాహరణ. హైదరాబాదు అంబర్‌పేటలో బతుకమ్మ కుంట అని ఒకటుంది. కుంట అనడానికి 2025 దాకా నీరు లేదు, చెత్తా చెదారమూ నిండి, కోర్టు కేసుల్లో పడి, నాలుగోవంతో మూడోవంతో మిగిలింది. అది ఒకప్పుడు జలాశయమేనని చెప్పే సాక్ష్యాల్లో దాని పేరు కూడా ఒకటి. తంగేడు, గునుగు పూలు పేర్చి బతుకమ్మను నిమజ్జనం చేయడానికి ఆడవాళ్లు వచ్చిన చోటు కాకుంటే ఆ పేరు ఎందుకు వస్తుంది? 2025లో చెరువుల ఆక్రమణలు తొలగించే సర్కారు సంస్థ హైడ్రా దాన్ని తవ్వించి నీళ్లు తెప్పించింది, ఆ సెప్టెంబరులో బతుకమ్మలు మళ్లీ అందులోకి దిగాయి. హైడ్రా కూల్చివేతల మీద నాకు వేరే ఫిర్యాదులున్నాయి, అది ఇంకో లేఖ. కాని పూల పండుగ పేరు ఒక చెరువును భూకబ్జా నుంచి లాగిన సంగతి మాత్రం కాదనలేనిది. మెహ్రౌలీలో రాజోం కీ బావ్లీ అనే మెట్ల బావి ఉంది; రాజులది కాదు, ‘రాజ్’ అంటే తాపీ మేస్త్రి. సుమారు 1506లో కట్టిన ఆ బావి దగ్గర తర్వాతి కాలంలో మేస్త్రీలు కాపురమున్నారు కనుక ఆ పేరు. కట్టించిన దౌలత్ ఖాన్ పేరు పండితులకు తెలుసు, జనానికి గుర్తున్నది అక్కడ బతికినవాళ్లు. 2025లో దాన్ని చక్కగా పునరుద్ధరించారు, సంతోషం. దాని చుట్టూ కాపురమున్నవారి వారసుల్ని ఆక్రమణదారుల పద్దులో వేసి, వారు వెళ్లిపోయాక అక్కడ సౌండ్ అండ్ లైట్ షో పెట్టుకునే వారసత్వం మాత్రం నాకు అర్థం కాదు.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇంత. మెహ్రౌలీ రిడ్జ్ సెటిల్‌మెంట్ విచారణ నోటీసు హిందీలోనూ ఉర్దూలోనూ ఆ వీధుల్లో అతికించండి. ఇల్లు, దుకాణం, తోట ఉన్నవారినే కాక దర్గా, యోగమాయ గుడి, అంజుమన్ వాళ్లను కూడా హక్కుదారులుగా పిలవండి. 1922, 1999 జాబితాల్లో ఉన్న ఏ కట్టడాన్నయినా ముట్టుకునే ముందు ఆర్కియలాజికల్ సర్వే రాతపూర్వకంగా చెప్పిన మాట ఉండాలని, కూల్చే తేదీకి ముందే ఆ మాట ఆ కట్టడం గోడ మీద కనపడాలని ఒక ఆదేశం ఇవ్వండి. ఏటా కొత్తగా దరఖాస్తు పెట్టే పని లేకుండా సైర్‌కు శాశ్వత అనుమతి ఇచ్చి, షరతులు దాని కిందే రాయండి. ఆ విచారణ రికార్డులో ఝర్నా దగ్గర మొదలై యోగమాయ గుడి మీదుగా దర్గా దాకా పూల పంఖా మోసే దారి ఎంత వెడల్పో, ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ చెట్టు పక్కనుంచి పోతుందో కొలిచి, పటం గీయించి, దాని మీద మీ ముద్ర వేయించండి.

ఇట్లు,
ఢిల్లీలో ఉంటున్న ఒక తెలుగు రచయిత